మనకు ఇంటర్వ్యూ ఉంది

తెనాలి,
సోమవారం

ప్రియమైన పెద్దమ్మకు ప్రత్యూష వందనాలు.

నేను క్షేమంగా చేరాను. రేపల్లె ప్యాసింజర్‌లో కిటికీ పక్కన సీటు దొరికింది. నువ్వు కట్టిచ్చిన చేపల పులుసు కారేజీ వేమూరు దాటకముందే ఖాళీ అయింది. పక్కన కూర్చున్న ముసలాయన ఆ వాసనకి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. రేపల్లె అని చెబితే, "అదీ సంగతి!" అని దారంతా నా కారేజీ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఒక ముక్క పెట్టక తప్పలేదు.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరాలేంటి అనుకోకు. ఇక్కడ హాస్టల్లో మా ఫోన్లన్నీ తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టేశారు. ఇచ్చినా ఫోన్లో నీకు వినబడదు. ఇన్నేళ్లుగా షెడ్డులో రొయ్యలు వలుస్తూ ఐసు మిషను మోత విన్న చెవులు నీవి. నేను బీకాం పాసయ్యానని ఫోన్లో అరిచి చెబితే, "ఎవరు పోయారే?" అని ఏడవబోయావు, గుర్తుందా? ఇస్సాకు బాబాయి పక్కింట్లోనే ఉన్నాడు కాబట్టి నిదానంగా చదివి వినిపిస్తాడు.

ఇక్కడ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు ఎలా తయారవ్వాలో ఉచితంగా నేర్పుతారు. నేర్పేది వసుంధర మేడం. ఓపికమంతురాలు. నా సంగతి ఆమెకు చెప్పాను. రెండు ఇంటర్వ్యూలకు వెళ్లాను, రెండు చోట్లా "మీ గురించి చెప్పండి" అనగానే నాకు నోరు పెగల్లేదు. మిగతా ప్రశ్నలకు జవాబులు వచ్చు పెద్దమ్మా. ఆ ఒక్కదానికే రాదు. మన ఇంట్లో బడికి వెళ్లింది నేనే మొదలు కదా. ఆఫీసులో కూర్చున్నవాళ్లకు మన ఇంటి సంగతుల్లో ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో తెలియదు.

ఈ నెలాఖరుతో శిక్షణ అయిపోతుంది. ఈసారి కూడా ఉద్యోగం రాకపోతే షెడ్డులో నీ పక్కన చోటు ఉంచుతానని మేస్త్రి అన్నాడని నాకు తెలుసు. ఆయన మంచిమాటే అన్నాడు. కానీ ఆ మాట తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

ఈ శనివారం మాక్ ఇంటర్వ్యూ. ఈ శిక్షణ నడిపే శ్యాంప్రసాద్ సారు, వసుంధర మేడం ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడుగుతారు. నా కోసం ప్రార్థన చెయ్యి.

నీ ప్రత్యూష

తా.క. అద్దం ముందు నిలబడి నా గురించి నేను చెప్పుకోవడం ప్రాక్టీసు చేస్తున్నాను. అద్దంలో ఉన్నామె కూడా నోరు తెరవడం లేదు.

*

రేపల్లె,
గురువారం

ప్రత్యూషకు నీ పెద్దమ్మ నాగరత్నం ప్రభువు పేరిట దీవించి చెప్పేది, ఇస్సాకు రాసేది.

నీ ఉత్తరం అందింది. ఇస్సాకు చదువుతుంటే చేపల పులుసు దాకా బాగానే విన్నా. శనివారం కాడికొచ్చేసరికి నా గుండె కలుక్కుమంది. "మాకు ఇంటర్వ్యూ" అని రాస్తావా? మాకా? "మళ్లీ చదువు తమ్ముడూ" అన్నా. మళ్లీ చదివాడు. మాకే.

ఎవరే ఆ "మేము"? నువ్వూ ఆ వసుంధరమ్మా ఆ సారూనా? మనకు అనడానికి నీకు చెయ్యి రాలేదా? నీకు ఆటలమ్మ పోస్తే "మనకు పోసింది" అని వీధంతా చెప్పుకున్నదాన్ని. నువ్వు పదో తరగతి రాస్తుంటే "ఇయ్యాల మనకు లెక్కల పరీక్ష" అని షెడ్డు మానేసి బడి గోడ కాడ కూర్చున్నదాన్ని. "మనకు ఫస్టు క్లాసొచ్చింది" అని చెప్తే మేస్త్రి, "నీకెప్పుడొచ్చింది నాగరత్నం?" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడులే అనుకున్నా. ఇప్పుడు తెనాలి వెళ్లి వారం కాలేదు, మాకు అంటున్నావు. రైలు ఎక్కించింది నేను, ఇంటర్వ్యూ మీకు.

ఇంకేం చెప్పను? ఒంట్లో బాగానే ఉంది. శనివారం మీకు బాగా జరగాలని ప్రార్థన చేస్తా. మీకే.

ఇట్లు
నాగరత్నం (పరాయిదాన్ని)

తా.క. ఇది ఇస్సాకు సొంతంగా రాస్తున్నది. మీ పెద్దమ్మకు చదివి వినిపించను. అమ్మాయ్, నువ్వు "మాక్" అని పొల్లు పెట్టావు. కొమ్ము పెట్టి "మాకు" అని రాయాలి. నేనే దిద్దుకుని చదివాను. బీకాంలో తెలుగు ఉండదు కాబట్టి క్షమిస్తున్నాను. ఇంకొకటి. నిన్నటి నుంచి ఆవిడ నాకు టీ ఇవ్వడం లేదు. ఆ "మాకు"లో నేను కూడా ఉన్నానని అనుమానం.

*

తెనాలి,
ఆదివారం

మా పెద్దమ్మకు, కాదు, నా పెద్దమ్మకు ప్రత్యూష చేతులు పట్టుకుని చెప్పుకునేది.

అయ్యో పెద్దమ్మా! అది "మాకు" కాదు, "మాక్". ఇంగ్లీషు మాట. మాక్ ఇంటర్వ్యూ అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూ. క్రిస్మస్ నాటకానికి ముందు చర్చిలో రిహార్సలు వేయిస్తారే, అలాంటిది. బాబాయి దిద్దినందుకు నీకు ఇంత బాధ కలిగింది. అయినా తప్పు నాదే, అర్థమయ్యేలా రాయాల్సింది. ఇకమీదట ఏది రాసినా "మనకు", "మనం" అనే రాస్తాను. ఈ ఉత్తరం నుంచే మొదలుపెడుతున్నాను.

శనివారం మనకు ఏమీ బాగా జరగలేదు. శ్యాంప్రసాద్ సారు "మీ గురించి చెప్పండి" అన్నారు. ఈసారి ఆగిపోలేదు, బట్టీ పట్టింది గడగడా అప్పజెప్పాను. కష్టపడతాను, నిజాయితీగా ఉంటాను, త్వరగా నేర్చుకుంటాను. సారు అంతా విని, "బాగుందమ్మా. ఇది ఎవరి గురించి?" అని అడిగారు. నా గదిలో ఉండే నీరజ కిసుక్కున నవ్వింది. తర్వాత ఆమె వంతు వచ్చింది. ఆమె కూడా కష్టపడుతుందట, నిజాయితీగా ఉంటుందట, త్వరగా నేర్చుకుంటుందట.

సరే, అయిందేదో అయింది. శుక్రవారం బాపట్లలో మనకు అసలు ఇంటర్వ్యూ ఉంది. రొయ్యల మేత అమ్మే కంపెనీ. చెరువుల రైతులతో మాట్లాడి, వాళ్ల ఇబ్బందులు విని ఆఫీసుకు చెప్పే ఉద్యోగం. స్టేషను రోడ్డులో మందుల షాపు పైన మేడ మీద ఆఫీసు. అది "వాకిన్" అట, అంటే ముందుగా పేరు రాయించుకోనక్కర్లేదు, ఎవరైనా వెళ్లొచ్చు. మనం పెందలాడే చేరాలి. మనం శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, కొత్తవే కానక్కర్లేదు. గాజులు గలగలలాడకూడదు. అడిగినవాళ్ల కళ్లలోకి చూసి చెప్పాలి. మన బలహీనత ఏంటని అడుగుతారు. ఒకటి నిజంగా చెప్పి, దాన్ని ఎలా సరిచేసుకుంటున్నామో కూడా చెప్పాలి. అయిదేళ్ల తర్వాత మనం ఎక్కడుంటామో అడుగుతారు. కంపెనీ గురించి ముందే నలుగురిని అడిగి తెలుసుకోవాలి. చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటే, "ఏం లేదండి" అనకూడదు. మన దగ్గర ఒక ప్రశ్న ఉండాలి.

ఇవన్నీ రాస్తుంటే ధైర్యంగానే ఉంది. కుర్చీలో కూర్చున్నాక ఏమవుతుందో తెలియదు. ఇదే ఆఖరి అవకాశం పెద్దమ్మా. ఇది కూడా పోతే నెలాఖరుకు వచ్చి షెడ్డులో కూర్చుంటాను.

నీ, నీకే సొంతమైన
ప్రత్యూష

తా.క. వసుంధర మేడం మమ్మల్ని, తప్పు, మనల్ని ఎప్పుడూ చిరునవ్వుతో ఉండమన్నారు. నీరజ మరీ గట్టిగా పట్టుకుంది. మధ్యాహ్నం అన్నంలో రాయి వస్తే దాన్ని కూడా నవ్వుతూనే నమిలింది.

*

రేపల్లె,
బుధవారం

నా తల్లి ప్రత్యూషకు పెద్దమ్మ ముద్దులు. రాసేది ఇస్సాకే, వాడికి టీ ఇచ్చా.

నీ ఉత్తరం విని కళ్లనీళ్లు పెట్టుకున్నా. "మాకు" అన్నావని అలిగానే గానీ, "మనకు" అని నన్ను కూడా ఇంటర్వ్యూకి రమ్మంటావని కలలో కూడా అనుకోలేదు. చదువు రానిదాన్ని, నాకెందుకే అన్నా. ఇస్సాకు కేకలేశాడు. "మనకు ఇంటర్వ్యూ అంది, మనం పెందలాడే చేరాలి అంది, మనం శుభ్రమైన బట్టలు కట్టుకోవాలంది, ఎవరైనా రావచ్చంది. ఇంకెట్టా పిలవాలక్కా, బ్యాండుమేళం పెట్టి పిలవాలా?" అన్నాడు. నిజమే గదా అనిపించింది.

నిన్నా ఇయ్యాలా షెడ్డు నుంచి రాగానే ఇస్సాకు కుర్చీ వేసుకుని నన్ను ప్రశ్నలడుగుతున్నాడు. బలహీనత ఏంటండీ అన్నాడు. మోకాళ్లండీ అన్నా. ఎలా సరిచేసుకుంటున్నారు అన్నాడు. ఆముదం రాస్తున్నా అన్నా. అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటారు అన్నాడు. ప్రభువు పిలిస్తే ఆయన కాడ, లేకపోతే ఇక్కడే అన్నా. "అదేంటక్కా, ఉద్యోగమడగడానికెళ్లి చావు కబురు చెప్తావా!" అని నెత్తి కొట్టుకున్నాడు. ఉన్నమాటేగా.

కంపెనీ గురించి నలుగురిని అడగమన్నావుగా, అడిగా. ఏసుబాబు తన రొయ్యల చెరువుకి వాళ్ల మేతే వేస్తాడు. "మేత బాగానే ఉంటది వదినా, ఆ ఆఫీసోళ్లు ఫోనెత్తరు" అన్నాడు. ఆఖర్లో ఏదైనా అడగాలన్నావుగా. అదే అడుగుతా, ఫోనెందుకెత్తరయ్యా అని.

నీలం చీర ఉతికి ఆరేశా. గాజులు తీసేశా, చేతులు బోసిగా ఉన్నాయి. మేము ఇక్కణ్నుంచి బస్సులో వస్తాం, నువ్వు తెనాలి నుంచి రైల్లో రా. ఆఫీసు కాడ కలుద్దాం. భయపడకు, నేనుంటాగా.

నీ పెద్దమ్మ

తా.క. ఇస్సాకు రాసేది. "మనం" అంటే ఉత్తరం చదివినవాణ్ని నేను కూడా ఉంటానా అని మీ పెద్దమ్మను అడిగాను. "నీకు పెన్షనొస్తుందిగా, నోర్ముయ్" అంది. అయినా తోడు వస్తున్నాను. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు కదా, ఆవిడ దర్జాగా కూర్చుంటుంది. ప్రైవేటు బస్సులో వయసంతా టిక్కెట్లు కొట్టినవాణ్ని, నేను మాత్రం కొనుక్కోవాలి.

*

రేపల్లె,
శుక్రవారం సాయంత్రం

ప్రత్యూషకు పెద్దమ్మ ఆత్రంగా చెప్పేది.

మన ఇంటర్వ్యూ అయిపోయింది. నువ్వేమైపోయావే? ఎంత చూసినా కనబడలా. ఇయ్యాల షెడ్డుకి మధ్యాహ్నం సరుకొస్తదని మేస్త్రి ముందే చెప్పాడు, అందుకే ఉండలేక బస్సెక్కేశా. నా తర్వాత మా అమ్మాయి ప్రత్యూష వస్తదని గేటు కాడ చెప్పే వచ్చాలే.

తలుపు తీయకముందే చేరాం. వాచ్‌మన్ "ఎవరు కావాలమ్మా?" అన్నాడు. "వాకిన్" అన్నా, ఇస్సాకు నేర్పినట్టే. నన్నూ నా చీరనూ చూసి కుర్చీ చూపించాడు. మొదట నన్నే పిలిచారు.

లోపల ముగ్గురు. మధ్యలో ఆమె పేరు పద్మజంట, మంచిది, మంచినీళ్లిచ్చింది. "ఏ ఉద్యోగానికి వచ్చారండీ?" అంది. "మా అమ్మాయికీ నాకూ ఏదైనా పర్లేదండి" అన్నా. ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. గడ్డం ఆయన ఏదో అనబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి, "మీ గురించి చెప్పండమ్మా" అంది. చెప్పా. కళ్లలోకి చూసే చెప్పా. గడ్డం ఆయనే ముందు కళ్లు దించుకున్నాడు.

చాలాసేపు మాట్లాడా. ఆపమంటారేమో అని చూశా, ఎవరూ అనలా. ఆమె మధ్యమధ్యలో అదే ప్రశ్న మళ్లీ అడిగింది, నా మాటలు నచ్చినట్టున్నాయి. ఆఖర్లో ఫోను సంగతి కూడా అడిగేశా. వచ్చేటప్పుడు ముగ్గురూ లేచి నిలబడి నమస్కారం పెట్టారు. అట్టా లేచి నిలబడ్డారంటే ఉద్యోగం ఇచ్చినట్టేగా? వస్తే నాది నీకు రాసెయ్యమని చెప్తా. రాకపోయినా దిగులుపడకు. నాకిది మొదటిసారేగా.

నీ పెద్దమ్మ

తా.క. ఇస్సాకు రాసేది. నన్ను లోపలికి రానివ్వలేదు. బయట కూర్చున్న పిల్లలు ఊరికే ఉన్నారు కదా అని, మీ పెద్దమ్మను అడిగిన ప్రశ్నలే వాళ్లనీ అడిగాను, కొంచెం గట్టిగా. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. నీకు ఆ మేరకు పోటీ తగ్గించాను.

*

తెనాలి,
మంగళవారం

ప్రియాతిప్రియమైన పెద్దమ్మకు, ఇంకా నవ్వాలో ఏడవాలో తెలియని ప్రత్యూష వందనాలు.

నువ్వు బాపట్ల వస్తున్నావని రాసిన ఉత్తరం, నేను బాపట్ల నుంచి తిరిగొచ్చాక అందింది! అందులో ఉన్నది అప్పటికే నాకు తెలిసిపోయింది. ఎక్కడ తెలిసిందో విను.

నా రైలు ఆలస్యమైంది. నన్ను పిలిచేసరికి నా ముందు చాలామంది అయిపోయారు. లోపలికి వెళ్లి నమస్కారం పెట్టి కూర్చున్నాను. అరచేతులు చెమటలు. పద్మజ గారు నా కాగితాలు పక్కన పెట్టి, "నాగరత్నం గారు మీకేమవుతారు?" అన్నారు. నాకు బట్టీ పట్టినదంతా ఎగిరిపోయింది. ఈ ప్రశ్న వసుంధర మేడం ఎప్పుడూ చెప్పలేదు.

"మా పెద్దమ్మండి. నన్ను పెంచింది ఆమే."

"ఉదయం వచ్చి వెళ్లారు. మీ గురించి మాకు అంతా తెలుసు" అన్నారు. పదో తరగతిలో జ్వరంతోనే లెక్కలు రాశానట. నిద్రలో ఎక్కాలు చెబుతానట. బడి నుంచి వస్తూ ఏసుబాబు బాబాయికి మేత బస్తా మీద ఉన్నదంతా చదివి చెప్పేదాన్నట. సొరకాయ కూర వండితే కంచం కింద దాచేదాన్నట! గడ్డం ఆయన, "ఇప్పుడైనా తింటారా?" అని అడిగారు. పెద్దమ్మా, ఆ కంచం సంగతి ఆఫీసులో చెప్పే సంగతేనా?

"మీ గురించి ఇక అడిగేది ఏమీ లేదు. మీ పెద్దమ్మగారి గురించి చెప్పండి" అన్నారు పద్మజ గారు.

అప్పుడేమైందో నాకే తెలియదు. చెప్పడం మొదలుపెట్టాను. షెడ్డు గుమ్మంలోకి నన్ను రానిచ్చేదానివి కాదని, పుస్తకాలకు నీచు వాసన పడుతుందని తిట్టేదానివని చెప్పాను. ఐసులో చేతులు మొద్దుబారితే నా టీ గ్లాసు కూడా తీసుకుని రెండు చేతులా పట్టుకుని కూర్చునేదానివని, నాకు చల్లారిన టీ ఇచ్చి "చూడు, నీ కోసం చల్లార్చి పెట్టా" అనేదానివని చెప్పాను. ఆడవాళ్లందరినీ నిలబెట్టి రొయ్యలు వలిపిస్తుంటే, నువ్వొక్కదానివే ఓనరు దగ్గరికి వెళ్లి "అయ్యా, ఊడుతున్నవి రొయ్యల తలలు కాదండీ, మా మోకాళ్లు" అన్నావని, మర్నాటికి స్టూళ్లు వచ్చాయని చెప్పాను. గడ్డం ఆయన, "ఈ సంగతి ఆవిడ చెప్పలేదే!" అన్నారు. "ఆమె చెప్పదండి" అన్నాను.

చెప్పి చెప్పి ఊపిరి తీసుకోవడానికి ఆగాను. అప్పుడు చూసుకుంటే నా చేతులు పొడిగా ఉన్నాయి.

"రైతులతో కూడా ఇలాగే మాట్లాడతారా?" అన్నారు ఆమె.

"వాళ్లతో మాట్లాడటం నాకు కష్టం కాదండి. మీతోనే" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. ముగ్గురూ నవ్వారు.

నిన్న పద్మజ గారు హాస్టలుకు ఫోను చేశారు. ఉద్యోగం వచ్చింది పెద్దమ్మా! ఒకటో తారీఖున బాపట్లలో చేరాలి. నాకు అప్పగించే మొదటి పని, రైతుల ఫోన్లు ఎత్తడం.

ఇక నీ ఫలితం. అది కూడా ఆమె నాకే చెప్పారు, నీకు నెమ్మదిగా చెప్పమన్నారు. నిన్ను తీసుకోలేకపోయారు. "ఎంత బాగా మాట్లాడారో! కానీ 'మీ గురించి చెప్పండి' అని ఎన్ని రకాలుగా తిప్పి తిప్పి అడిగినా, ప్రతిసారీ మీ గురించే చెప్పారు. తన గురించి ఒక్క మాట రాలేదు" అన్నారు.

అంటే నా జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోయింది.

ఆదివారం ఆరాధన అవగానే రేపల్లె వస్తున్నాను. వాకిట్లో నీకు కుర్చీ వేసి ఎదురుగా నేను కూర్చుంటాను. "మీ గురించి చెప్పండి" అని అడుగుతాను. నువ్వు నా వయసులో ఎలా ఉండేదానివో, బడికి ఎందుకు వెళ్లలేదో, ఏం కావాలనుకున్నావో, ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు. నువ్వు గాజులు వేసుకునే కూర్చో, ఎంత గలగలలాడినా పర్లేదు. ఎంతసేపైనా వింటాను.

నీ ప్రత్యూష

తా.క. ఇస్సాకు బాబాయీ, మీరు గట్టిగా ప్రశ్నలడిగితే లేచి వెళ్లిపోయిన ఇద్దరిలో ఒకరు, నాకంటే ముందు రైల్లో వెళ్లిన నీరజ. ఆమెను వచ్చే బుధవారం ఇంకోసారి రమ్మన్నారు. మీరు ఆ రోజు దయచేసి రేపల్లెలోనే ఉండండి.

మరో తా.క. పెద్దమ్మా, ఆదివారం నువ్వు చెప్పేదాంట్లో నా పేరు వచ్చిందంటే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.